ఇంకొక్క టర్న్

జంషెడ్‌పూర్ కద్మాలోని ఒక కంపెనీ క్వార్టరులో రాత్రి రెండు గంటలవేళ ఇద్దరే మేలుకొని ఉన్నారు. ఒకరు ఇంజనీరింగు చదువుతున్న మనవడు, రెండోవారు అతని తాత. ముప్పయ్యేళ్ళకు పైగా రోలింగ్ మిల్లులో షిఫ్టులు మారి మారి పనిచేసిన ఆ పెద్దాయనను పదవీ విరమణ తరవాత కూడా సి షిఫ్టు వదలలేదు. అర్ధరాత్రి దాటితే ఆయనకు నిద్ర పట్టదు. ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుంచి రైలెక్కి ఈ ఊరు వచ్చాడు. ఇప్పుడు క్వార్టరు కొడుకు పేరన ఉంది. మనవడి ముందు కంప్యూటరు తెర, తెర మీద సివిలైజేషన్ ఆరో భాగం. వెనక కుర్చీలో తాత.

"పడుకోరా, రేపు కాలేజీ లేదేటి?"

"ఇంకొక్క టర్న్ తాతా."

ఆ మాట అతని సొంతం కాదు. 1991లో సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన మొదటి సివిలైజేషన్‌ను మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసిన నాటి నుంచి ప్రపంచంలో ఏ మూల ఆడేవారైనా ఆ మాటే అంటున్నారు. క్రీస్తు పూర్వం 4000లో సంచరించే ఒక చిన్న గుంపుతో మొదలై అంతరిక్ష నౌక దాకా సాగే ఆట అది. రెండేళ్ళ తరవాత, 1993లో, మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే మరో ఆటను పరిచయం చేస్తూ అలన్ ఎమ్రిచ్ అనే అమెరికన్ రచయిత ఈ కోవకు నాలుగు క్రియలతో నిర్వచనం చెప్పాడు: అన్వేషించు, విస్తరించు, పిండుకో, నిర్మూలించు. ఇంగ్లీషులో నాలుగింటిలోనూ ఎక్స్ శబ్దం ఉండటంతో ఫోర్ఎక్స్ అన్న పేరు స్థిరపడింది. ఏ వలస ప్రభుత్వమూ తన కార్యక్రమాన్ని ఇంత నిజాయితీగా గెజిట్‌లో ప్రకటించుకోలేదు.

ఈ ఆటల్లో ఆనందం ఎక్కడుందంటే సామ్రాజ్యం కట్టడంలో ఉందని చాలామంది చెబుతారు. నిజానికి సామ్రాజ్యం కట్టడం పూర్తయిన చోటనే ఆనందం అడుగంటుతుంది. రుచి అంతా మొదటి వంద టర్న్‌లలో ఉంది. తెర నిండా తెలియని నేల. నడుమ ఆరు భుజాల గళ్ళు కొన్ని మాత్రమే వెలుగులో ఉంటాయి. చేతిలో ఒక సెట్లరు, ఒక యోధుడు. నది ఒడ్డునే ఊరు పెట్టాలా, ఇంకో అడుగు వేసి కొండ మీద పెట్టాలా? ఆ ఒక్క అడుగు ఆరువేల ఏళ్ళ కథను నిర్ణయిస్తుంది. ఉన్నది తక్కువ, తెలిసినది అంతకంటే తక్కువ కనుక ప్రతి నిర్ణయానికీ బరువు ఉంటుంది. పైగా పనులన్నీ వేర్వేరు గడువుల మీద నడుస్తుంటాయి. కుండలు చేసే విద్య రెండు టర్న్‌లలో వస్తుంది, ధాన్యాగారం మూడింటిలో లేస్తుంది, పొలిమేర అయిదింటిలో పెరుగుతుంది. ఒకటి ముగిసేసరికి మరొకటి ముగియబోతూ ఉంటుంది. లేవడానికి అనువైన వేళ అంటూ రాదు. ఓట్ల లెక్కింపు రోజున టీవీ ముందు కూర్చున్న ప్రతివారికీ ఈ జబ్బు పరిచయమే. పదమూడో రౌండు చూసి భోజనానికి లేద్దామనుకున్నవాడు ఇరవయ్యో రౌండు దాకా కదలడు.

కంచు విద్య పట్టుబడితే పటం మీద ఇనుము ఎక్కడుందో బయటపడుతుంది. పారిశ్రామికీకరణ వచ్చాక బొగ్గు కనిపిస్తుంది. అంతవరకు ఆ గళ్ళు మామూలు కొండలూ అడవులే. ఆ రాత్రి మనవడికి ఇనుము దొరికింది. నదికి దగ్గరగా, తన పొలిమేరకు రెండు గళ్ళ అవతల. అతను కుర్చీలో ముందుకు జరిగాడు.

ఆ కుర్చీ ఉన్న ఊరు కూడా అలా దొరికిన ఊరే. భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ 1904 ఫిబ్రవరిలో జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం రాసి, మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని తెలిపారు. ఆ ఏడాది మే నెలలోనే జంషెడ్‌జీ కన్నుమూశారు. కుమారుడు దొరాబ్జీ పని కొనసాగించారు. సి.ఎం. వెల్డ్, శ్రీనివాసరావు ఉన్న అన్వేషక బృందం సుబర్ణరేఖ, ఖర్‌కయీ నదులు కలిసే చోటికి చేరువలో సాక్చీ గ్రామాన్ని చూసింది. రెండు నదుల నీరు, దగ్గరలో కాలీమాటీ రైల్వే స్టేషను, ఒకవైపు ఖనిజం, మరోవైపు ఝరియా బొగ్గు. ఏ ఆటగాడైనా రెండో ఆలోచన లేకుండా సెట్లరును అక్కడే దించుతాడు. 1908 ఫిబ్రవరి 27న కర్మాగారానికి తొలి స్తంభం దిగింది. 1911 డిసెంబరులో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఉక్కు పట్టాలు మెసపొటేమియా దాకా వెళ్ళాయి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. ఊరు పెట్టగానే పేరు ఇమ్మని ఆటలో ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఇక్కడ అది పదకొండేళ్ళ తరవాత తెరుచుకుంది.

అంతవరకు మౌనంగా చూస్తున్న తాత అప్పుడు ఒక ప్రశ్న వేశారు. మనవడి స్కౌటు అడవి పక్కనున్న చిన్న గుడిసెల గుంపులోకి అడుగు పెట్టింది. ఆటలో దాని పేరు గిరిజన గ్రామం. అడుగు పెట్టగానే కొంత బంగారం చేతికి వచ్చింది. మరుక్షణం గుడిసెలు మాయమై ఉత్త నేల మిగిలింది.

"ఆ ఊళ్ళో వోళ్ళు ఏటైపోనార్రా?"

"ఎవరూ ఉండరు తాతా. అది బోనస్."

తాత మరేమీ అనలేదు. కానీ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది. సాక్చీ చుట్టూ సంతాల్, హో, భూమిజ్ పల్లెలు ఉండేవి. కర్మాగారానికి నేల 1894 నాటి భూసేకరణ చట్టం ద్వారా సమకూడింది. చరిత్రలోని ఒక యాదృచ్ఛికం ఈ చోట ప్రస్తావించదగినది. సాక్చీలో తొలి స్తంభం దిగిన 1908లోనే, నవంబరులో, ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆదివాసుల భూమి అన్యుల పాలు కాకుండా అడ్డుకునే చట్టం అది. బిర్సా ముండా ఉలగులాన్, 1900 జూన్‌లో రాంచీ జైలులో ఆయన మరణం, వాటి వెనుకనున్న దశాబ్దాల భూమి పోరాటాలు ఆ చట్టాన్ని రప్పించాయి. ఒకే ఏడాది, ఒకే పీఠభూమి: ఒకచోట గుడిసెల గుర్తు చెరిగిపోతోంది, మరోచోట గుడిసెలోని మనిషి చట్టాన్ని రాయిస్తున్నాడు. సివిలైజేషన్‌లో మొదటిదానికి బొమ్మ ఉంది, రెండోదానికి లేదు.

ఆ రెండోది నేటికీ సజీవంగానే ఉంది. 2016 నవంబరులో రఘుబర్ దాస్ ప్రభుత్వం ఆ చట్టాన్ని, దానితోపాటు సంతాల్ పరగణాల చట్టాన్ని సవరిస్తూ బిల్లులు ఆమోదింపజేసుకుంది. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు వాడుకునే వీలు కల్పించడం వాటి ఉద్దేశం. రాష్ట్రం అట్టుడికింది. నాటి గవర్నరు ద్రౌపదీ ముర్ము 2017లో బిల్లులను తిప్పి పంపారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అసెంబ్లీలో సంఖ్యాబలం ఉన్న ప్రభుత్వం 109 ఏళ్ళ నాటి ఒక చట్టం ముందు ఆగిపోయింది.

ఆట తయారీదారులు ఈ విమర్శలు వినలేదని కాదు. 2018లో ఆరో భాగానికి అనుబంధంగా వచ్చిన రైజ్ అండ్ ఫాల్‌లో కెనడా ఆదిమజాతి క్రీల నాయకుడు పౌండ్‌మేకర్‌ను ఒక పాత్రగా చేర్చారు. ఆయన పేరనే ఉన్న క్రీ సమాజపు పెద్ద మిల్టన్ టూటూసిస్ అభ్యంతరం తెలిపారు. నేలను ఆక్రమించి ఏలడం తమ సంప్రదాయ విలువలకే విరుద్ధమన్నది ఆయన వాదన. అందులో పట్టు ఉంది. ఎవరిని చేర్చుకున్నా ఆ నాలుగు క్రియలే వారికీ అంటగట్టే ఆట ఇది. మన గాంధీని అణుబాంబులు వేసేవాడిగా మార్చిన పరిహాసం కూడా ఇక్కడిదే. మొదటి ఆటలో లెక్క తప్పడం వల్ల అలా జరిగిందన్న కథ లోకమంతా పాకింది. అలాంటి తప్పేమీ లేదని సిడ్ మయర్ 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో స్పష్టం చేశాడు. అయిదో భాగంలో మాత్రం తయారీదారులే సరదాకి గాంధీకి ఆ గుణం తగిలించారు.

ఇక చికాకు సంగతి. చికాకులన్నీ ఒక్కటి కావు. కావలసిన ఇనుము పొరుగు రాజు పొలిమేరలో పడితే చికాకే, కానీ అది ఆటకు ఉప్పు లాంటిది. దౌత్యమో యుద్ధమో, ఏదో ఒకటి ఆలోచించాలి. డెయిటీ అనే అత్యున్నత స్థాయిలో కంప్యూటరు చేతిలో ఓడితే కలిగే చికాకు వేరు. అక్కడ యంత్రం మరింత తెలివిగా ఆడదు. ఆటగాడు ఒక్క సెట్లరుతో మొదలుపెడితే దానికి మూడు ఇస్తారు, ఉత్పత్తిలో, విజ్ఞానంలో అదనపు వాటా ఇస్తారు. చురుకైన పిల్లవాడి చేతిలో ఓడినా సరిపెట్టుకోవచ్చు. ప్రశ్నపత్రం ముందే అందినవాడి చేతిలో ఓడితే మింగుడుపడదు.

ఈ రెండింటినీ మించినది చివరి దశలోని విసుగు. అప్పటికి ముప్పయి నగరాలు, తెలిసిపోయిన పటం, లొంగిపోయిన పొరుగువారు. గెలుపు ఖాయమై వంద టర్న్‌లు అయి ఉంటుంది, కానీ గెలిచినట్టు ప్రకటన రాదు. ఒక్కో నగరానికి ఏం కట్టాలో చెబుతూ, ఒక్కో దళాన్ని ఒక్కో గడి జరుపుతూ పోవాలి. నిర్ణయాలు వందల్లో ఉంటాయి, వాటిలో బరువున్నది ఒక్కటీ ఉండదు. చాలామంది ఆటను అక్కడే వదిలేసి కొత్త పటం తెరుస్తారు. పని ఎక్కువ కావడం వల్లనే ఇలా జరుగుతుందని విమర్శకులు అంటారు. అది సగం కారణమే. కాదనే నోరు లోపల ఎక్కడా లేకపోవడం మిగతా సగం. బయటి శత్రువు అణిగిపోయాక ఈ సామ్రాజ్యంలో ప్రతిపక్షం లేదు, పత్రిక లేదు, కోర్టు లేదు, భూమి ఇవ్వనని భీష్మించే రైతు లేడు. సౌకర్యాలు తగ్గితే పౌరులు ముఖం చిన్నబుచ్చుకుంటారు, ఒక క్రీడాప్రాంగణం కట్టిస్తే సరిపోతుంది.

రైజ్ అండ్ ఫాల్‌లోనే విధేయత అనే కొత్త లెక్క వచ్చింది. రాజధానికి దూరంగా, పరాయి జనం నడుమ పెట్టిన నగరంలో విధేయత కరుగుతూ పోతుంది. సున్నాకు చేరితే నగరం స్వతంత్రం ప్రకటించుకుంటుంది. తమ నగరం తమ చేయి దాటిపోవడమేమిటని అలిగిన ఆటగాళ్ళు ఉన్నారు. ఆటకు ఎంతో మేలు చేసిన మార్పు అదే. లోపలివాడు కాదన్నాడు, పటం చివరలో కూడా కాస్త భయం మిగిలింది.

తెలుగువారికి ఈ ఆటలతో మరో బలహీనత ఉంది. యూరోపా యూనివర్సాలిస్ నాలుగో భాగం 1444 నవంబరు 11న మొదలవుతుంది. రెండవ దేవరాయల విజయనగరం అప్పటికి నిండుగా ఉంటుంది. 1565 నాటి రాక్షసి తంగడి ఓటమిని తుడిచివేయడానికి ఎన్ని రాత్రులైనా వెచ్చించవచ్చు. హంపీ శిథిలాల మధ్య నిలబడి "ఆ ఒక్క యుద్ధం గెలిచి ఉంటేనా" అని నిట్టూర్చని తెలుగువాడు అరుదు. ఆ నిట్టూర్పును తీర్చే యంత్రం ఇది. మరి గెలిచిన తరవాత ఆ రాజ్యంలో ఎవరెలా బతికారన్నది మాత్రం ఆట అడగదు, మనమూ అడగం.

కద్మా తాతగారు బతికిన నగరం మాటకొస్తే, కంపెనీ ఏలుబడిలోని ప్రాంతంలో నీళ్ళు, కరెంటు, రోడ్లు, చెట్లు చూసి పొరుగు పట్టణాలు అసూయపడతాయి. అందులో అబద్ధం లేదు. సుబర్ణరేఖ దాటి మాంగో వెళితే తేడా కంటికే తెలుస్తుంది. ఆయన ఎంపీకి ఓటు వేశారు, ఎమ్మెల్యేకి ఓటు వేశారు. వార్డు సభ్యుడికి మాత్రం జీవితంలో వేయలేదు, ఎందుకంటే ఇక్కడ ఎన్నికైన పురపాలక సంఘం లేదు. రాజ్యాంగం 243క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు ఆ మినహాయింపునిచ్చింది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను ఆ జాబితాలో చేర్చింది. సౌకర్యాల లెక్క నిండుగా ఉంది కనుక పౌరుడు సంతుష్టుడే అన్నది ఆ ఏర్పాటు వెనుక తర్కం. అది సివిలైజేషన్ తర్కమే. దానిని ఒప్పుకోనివారు ఊళ్ళో ఉన్నారు, కోర్టుల దాకా వెళ్ళారు.

విధేయత కరగడాన్ని కూడా ఈ నగరం చూపించింది. 1995 నుంచి వరుసగా అయిదుసార్లు జంషెడ్‌పూర్ తూర్పు నుంచి గెలిచిన రఘుబర్ దాస్, ముఖ్యమంత్రి హోదాలో ఉండగానే 2019లో సొంత మాజీ మంత్రి, స్వతంత్ర అభ్యర్థి సరయూ రాయ్ చేతిలో 15 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. పట్టాలు లేని 86 బస్తీల యాజమాన్య హక్కు ఆ ఎన్నికలో పెద్ద మాట. ఆటలో అయితే ఇన్ని టర్న్‌లలో నగరం చేజారుతుందని ముందే అంకె కనిపిస్తుంది. పాలకులకు ఆ అంకె లెక్కింపు రోజున కనిపిస్తుంది.

మూడు గంటలు దాటింది. మనవడు నడుస్తున్న ఆటను మూసి, కొత్త పటం తెరిచాడు. మళ్ళీ తెలియని నేల, ఒక సెట్లరు, ఒక యోధుడు. పదో టర్న్‌లో గుడిసెలు కనిపించాయి. అతను ఒకసారి వెనక్కి చూసి, స్కౌటును వాటి పక్కనుంచి అడవిలోకి మళ్ళించాడు. నాలుగు టర్న్‌లు గడిచాయి. తూర్పు నుంచి వేరే రంగు స్కౌటు ఒకటి వచ్చి గుడిసెల్లో అడుగు పెట్టింది. ఉత్త నేల మిగిలింది.

"ఎవల్రా అది?"

"పక్క రాజ్యం వాళ్ళు తాతా."

తాత కుర్చీ కొంచెం ముందుకు లాక్కున్నారు.

"సరే, కానీ. మనకి ఇనుం ఎక్కడుందో సూడు."