బొమ్మ వెల

బల్ల మీద కొండపల్లి దశావతారాలు. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులు అతికించి, సన్నని కుంచెతో కనుబొమలు దిద్దిన బొమ్మలు. ఇలాంటివాటిని ఆన్‌లైన్ వేలంలో రూపాయికి మొదలుపెడితే జనం ఎగబడతారట, ధర దానంతటదే పెరుగుతుందట. ఇద్దరు పంతానికి పోతే నిజమే. ఒక్కరే వస్తే? ఆ కనుబొమలు దిద్దిన పూటంతా రూపాయికే పోతుంది.

సంక్రాంతి కొలువు కోసం అమ్మ పల్లకీ బొమ్మ కొన్నది గుర్తొస్తోంది. రంగు వాసన ఇంకా పోలేదు. బేరమాడలేదు అమ్మ.

కర్ర, రంగు, కూలి లెక్కేసి అంతకు తగ్గితే ఇవ్వననడాన్ని అత్యాశ అనడం అన్యాయం. చేతిపనిని వేలానికి పెట్టేవాళ్లారా, కనీస ధర ముందే కట్టండి. మీ కూలిని అందులో తప్పకుండా కలపండి.