పానిపట్టు రజాయిలు

పానిపట్టు అనగానే మనవారికి మూడు యుద్ధాలు గుర్తుకు వస్తాయి. వీధి కుళాయి దగ్గర బిందెల తగాదాకు సైతం మనం ఆ ఊరి పేరే వాడుకొంటాం. ఢిల్లీకి ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్ల దూరాన, గ్రాండ్ ట్రంక్ రోడ్డుపైనున్న ఈ హర్యానా పట్టణానికి మేము నలుగురు ఉద్యోగులం వెళ్ళినది మాత్రం రణక్షేత్రాలను చూడడానికి కాదు, దుప్పట్లను చూడడానికి.

దేశ విభజన వేళ పశ్చిమ పంజాబు నుండి తరలివచ్చిన నేతగాళ్ళు ఇక్కడి మగ్గాలకు కొత్త ఊపిరి పోశారు. విదేశాల నుండి వచ్చే పాత ఉన్ని దుస్తులను రంగులవారీగా వేరుచేసి, చింపి, ఏకి, తిరిగి నూలు వడికే ‘షాడీ’ పరిశ్రమకు ఈ ఊరు పేరెన్నిక గన్నది. విపత్తుల సమయంలో పంచే చవక కంబళ్ళు అనేకం ఇక్కడివే. ఆ ఉన్ని సరసన నేడు పాత సీసాల నుండి తీసిన పీచు కూడా చేరింది.

మంచినీళ్ళ సీసా ‘పెట్’ అనే పాలిస్టరుతో తయారవుతుంది. సీసాలను ముక్కలు చేసి నీటిలో వేస్తే, నీటికంటే 1.38 రెట్లు సాంద్రమైన పెట్ అడుగుకు చేరుతుంది. మూతల ప్లాస్టిక్ పైకి తేలుతుంది. వేరుచేయడానికి ఇంతకన్న తేలిక ఉపాయమేమున్నది! కడిగి, తేమ లేకుండా ఆరబెట్టిన ముక్కలను 260 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి కరిగించి, సన్నని రంధ్రాల గుండా పోగులుగా తీస్తారు. రంధ్రం కొసలు కలవని వలయంలా ఉంటే, వెలువడిన పోగు అంచులు అతుక్కొని గొట్టంలా బోలుగా నిలుస్తుంది. చలిని ఆపేది నిజానికి పీచు కాదు. దాని లోపలా, పోగుల నడుమా కదలక నిలిచిన గాలి. పిడికిట నొక్కిన పీచు వదలగానే పొంగింది. అందుకే రజాయి మందంగా ఉన్నా చేతికి బరువనిపించదు. తడిసినా త్వరగా ఆరుతుంది.

ఈ ఊరి శివార్లలోనే ఇండియన్ ఆయిల్ వారి టెరిఫ్తాలిక్ ఆమ్లం కర్మాగారం 2006లో ఆరంభమైంది. పెట్‌కు ముఖ్యమైన ముడిసరుకు అదే.

అయితే ఉత్తరాది చలికాలంలో నిరుపేదలు రాత్రంతా చలిమంట చుట్టూ కూర్చుంటారు. నిప్పురవ్వ పడితే ఉన్ని మాడుతుందే గాని సులువుగా అంటుకోదు. పాలిస్టరు కరిగి చర్మానికి అతుక్కొంటుంది. దుప్పట్లు పంచేవారు ధరను, బరువును చూసినంత శ్రద్ధగా దీనినీ చూడాలని మాకు తోచింది.

ఢిల్లీ బస్సు ఎక్కేటప్పుడు మాలో ముగ్గురి చేతుల్లో రజాయిలున్నాయి. నాలుగవవారు షాడీ కంబళి కొన్నారు. వారి అమ్మగారు ఇప్పటికీ కట్టెలపొయ్యి దగ్గరే పడుకొంటారట.