గ్రిఫిత్ స్టేడియంలో జరగని సీజన్

మా నాన్న 2003 వరల్డ్ కప్ ఫైనల్ ఇప్పటికీ ఆడుతూనే ఉంటారు. మెక్‌గ్రాత్ వేసిన మొదటి ఓవర్లో సచిన్ నాలుగు పరుగులకే అవుటవకపోయుంటే ఏం జరిగేదో ఆయనకి ఓవర్ల వారీగా తెలుసు. మా ఇంటి హాల్లో ఆ మ్యాచ్ ఇండియా కనీసం ఇరవైసార్లు గెలిచింది. చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ‘1945’ అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో ఒక బేస్‌బాల్ సీజన్‌ని కొన్ని వేలసార్లు ఆడించాను. నాన్న కూతుర్ని కదా!

బేస్‌బాల్ పిచ్చి నీకెలా పట్టుకుందే అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా క్లయింట్ ఆఫీసు వాషింగ్టన్ పక్కన. రెండేళ్ల కింద మూడు నెలలు నన్ను అక్కడికి పంపారు. వాళ్ల టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవారు. చలికాలంలో బేస్‌బాల్ మ్యాచ్‌లు ఉండవు. అప్పుడాయన ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ అనే ఆట ముందేసుకుని కూర్చునేవారు. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. ఆ ఏడాది అతను నిజంగా ఆడిన ఆటని బట్టి ఆ కార్డు మీద అంకెలు ఉంటాయి. పాచికలు వేసి పాత సీజన్లు మళ్లీ ఆడుకోవచ్చు. అచ్చం మా నాన్నే, కాకపోతే లెక్క రాసుకునే నాన్న.

ఒక ఆదివారం ఆయన నన్ను జార్జియా అవెన్యూకి తీసుకెళ్లి హోవర్డ్ యూనివర్సిటీ హాస్పిటల్ చూపించారు. ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడ్డా. “ఇక్కడే గ్రిఫిత్ స్టేడియం ఉండేది” అన్నారు. 1965లో దాన్ని పడగొట్టారు. 1945 కథ నేను మొదటిసారి విన్నది ఆ పేవ్‌మెంట్ మీద నిలబడే.

ఆ రోజుల్లో అమెరికన్ లీగ్‌లో ఎనిమిది జట్లు. ఒక్కో జట్టుకి 154 మ్యాచ్‌లు. పట్టికలో మొదట నిలిచిన జట్టు నేరుగా వరల్డ్ సిరీస్‌కి వెళ్లిపోతుంది. సెమీఫైనల్ లాంటివేం లేవు. 1944లో అట్టడుగున ఉన్న వాషింగ్టన్ సెనేటర్స్, 1945లో ఎవరూ ఊహించని విధంగా పైకి లేచింది. చివరికి డెట్రాయిట్ టైగర్స్ 88 గెలిచి 65 ఓడింది. వాషింగ్టన్ 87 గెలిచి 67 ఓడింది. ఓడినవాటిలో రెండు మ్యాచ్‌లు గెలిచుంటే మొదటి స్థానం వాళ్లదే.

ఆ రెండు మ్యాచ్‌లు ఎక్కడ పోయాయో చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఆ ఏడాది సొంత మైదానంలో సెనేటర్స్ కొట్టిన హోమ్ రన్‌లు ఎన్నో తెలుసా? ఒక్కటి. అదీ బంతి కంచె దాటి వెళ్లింది కాదు, జో కుహెల్ పరిగెత్తి సాధించింది. పైగా జట్టు యజమాని క్లార్క్ గ్రిఫిత్ తన స్టేడియాన్ని ఫుట్‌బాల్ జట్టుకి అద్దెకిచ్చేవాడు. ఆ ఆటలకి ఖాళీ చేయడం కోసం రోజుకి రెండేసి మ్యాచ్‌లు ఇరికించి, సెనేటర్స్ సీజన్‌ని వారం ముందే ముగించేశారు. ఆ చివరి రోజు ఫిలడెల్ఫియాలో ఒక ఫీల్డర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకోకుండా మైదానంలోకి దిగి, ఎండలో క్యాచ్ వదిలేశాడు. మ్యాచ్ పోయింది. ఇక వారం రోజులు డెట్రాయిట్ ఎప్పుడు ఓడుతుందా అని ఎదురుచూడటమే మిగిలింది. సెప్టెంబర్ 30న యుద్ధం నుంచి తిరిగొచ్చిన హాంక్ గ్రీన్‌బర్గ్ గ్రాండ్ స్లామ్ కొట్టి ఆ ఆశ కూడా తీర్చేశాడు.

ఇంతవరకూ అయితే ఇది మామూలు దురదృష్టం కథే. సెనేటర్స్ వేరే ఊళ్లో ఆడే రోజుల్లో గ్రిఫిత్ అదే స్టేడియాన్ని ఇంకో బేస్‌బాల్ జట్టుకి కూడా అద్దెకిచ్చేవాడు. దాని పేరు హోమ్‌స్టెడ్ గ్రేస్. నల్లజాతి ఆటగాళ్ల జట్టు. జనం బాగా వచ్చేవాళ్లు, అద్దె డబ్బులూ బాగానే ముట్టేవి. 1943, 1944ల్లో నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది ఆ జట్టే. అందులో జాష్ గిబ్సన్ ఉన్నాడు. క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. మొత్తం జీవితంలో దాదాపు 800 హోమ్ రన్‌లు కొట్టాడని హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని ఫలకం మీద ఉంది. ఫస్ట్ బేస్‌లో బక్ లియోనార్డ్, అతనూ తక్కువవాడు కాదు. హోమ్ రన్‌కి మొహం వాచిన జట్టు, హోమ్ రన్‌ల రాజు, ఇద్దరిదీ ఒకటే మైదానం. కాకపోతే వేర్వేరు రోజుల్లో.

నల్లవాళ్లని తీసుకోకూడదని ఏ రూల్ బుక్‌లోనూ రాసిలేదు. ఎవరూ తీసుకునేవాళ్లు కాదు, అంతే. పోనీ ఆ ఏడాది మనుషులు దండిగా ఉన్నారా అంటే అదీ లేదు. యుద్ధం వల్ల జట్లన్నీ ఖాళీ. సెయింట్ లూయిస్ జట్టు ఒక చెయ్యి లేని పీట్ గ్రేని ఆడించింది. సెనేటర్సే ఆగస్టులో బెర్ట్ షెపర్డ్‌కి బంతినిచ్చారు. అతను యుద్ధ విమానం నడుపుతూ జర్మనీలో కూలిపోయి కాలు పోగొట్టుకున్నవాడు. పెట్టుడు కాలితోనే ఐదు ఇన్నింగ్స్‌కి పైగా వేసి ఒకే ఒక్క పరుగిచ్చాడు. ఆ ఇద్దరూ గొప్పవాళ్లే, సందేహం లేదు. కానీ అంతదూరం వెతికిన గ్రిఫిత్‌కి, తన మైదానంలోనే బ్యాటింగ్ చేస్తున్న గిబ్సన్ ఆనలేదు.

ఆనలేదనడం కూడా తప్పే. ఒకసారి వాళ్లిద్దర్నీ తన ఆఫీసుకి పిలిచి, పెద్ద లీగ్‌లో ఆడతారా అని అడిగాడట. ఆడతామన్నారు. ఆ తర్వాత ఆయన నుంచి కబురు లేదు. ఈ సంగతి లియోనార్డే తర్వాతి రోజుల్లో చెప్పాడు.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఈ కథ నన్ను వదల్లేదు. ఒక శనివారం రాత్రి కూర్చుని ప్రోగ్రామ్ రాయడం మొదలెట్టా. పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బ్యాటర్ బలం, బంతి వేసేవాడి బలం, లీగ్ సగటు, ఈ మూడూ కలిపి అవుటయ్యే అవకాశమెంత, హోమ్ రన్ కొట్టే అవకాశమెంత అని లెక్క కట్టాలి. తర్వాత కంప్యూటర్ పాచిక వేస్తుంది. అలా 154 మ్యాచ్‌లు.

చిక్కంతా వివరాల్లో ఉంది. గిబ్సన్‌కి అప్పటికి 33 ఏళ్లు, ఆరోగ్యం బాగాలేదు. కాబట్టి అతని బలం కొంత తగ్గించా. గ్రేస్ ఆడిన లీగ్ మ్యాచ్‌లు తక్కువ కాబట్టి ఆ అంకెల్ని సగటు వైపు లాగా. గ్రిఫిత్ స్టేడియంలో ఎడమవైపు కంచె 400 అడుగుల పైనే దూరం, దానికీ కొంత కోత పెట్టా. ఇంకో గొడవ ఏంటంటే, ఆ ఏడాది సెనేటర్స్ ముఖ్యమైన పిచ్చర్లు నలుగురూ నకుల్‌బాల్ వేసేవాళ్లే. గాల్లో తిరగకుండా ఊగుతూ వచ్చే ఆ బంతిని పట్టడం నరకం. రిక్ ఫెరెల్ అనే క్యాచర్ అందులో ఆరితేరినవాడు. గిబ్సన్‌ని కూర్చోబెడితే కొన్ని బంతులు జారిపోతాయి. వట్టి బ్యాటింగ్‌కే ఒకణ్ని దించే రూల్ వచ్చింది 1973లో. అందుకని కొన్ని రోజులు కీపింగ్‌కి, కొన్ని రోజులు అవుట్‌ఫీల్డ్‌కి పంపించా. వీలైనంతవరకూ గిబ్సన్‌కి వ్యతిరేకంగానే లెక్కలు వేశా, మొగ్గు చూపించానని ఎవరూ అనకూడదని.

అయినా ఎక్కువసార్లు వాషింగ్టనే గెలిచింది. రెండు మ్యాచ్‌ల తేడా పూడ్చడానికి అట్టే కష్టపడక్కర్లేకపోయింది. ఆ అంకెలు పట్టుకుని సంబరంగా పెద్దాయనకి వీడియో కాల్ చేశా. అంతా విని ఆయన ఒకటే అడిగారు. “బాగుంది. ఇంతకీ నీ కథలో గ్రిఫిత్ వాళ్లని ఎందుకు తీసుకున్నాడు?”

నా దగ్గర జవాబు లేదు. ప్రోగ్రామ్‌లో ఆ విషయం ఒక్క లైనే. తీసుకున్నాడు, అంతే. ఎందుకన్నది రాయలేదు.

రాద్దామని కూర్చుంటే ఒక్క కారణమూ నిలబడలేదు. డబ్బు కోసమా? గ్రేస్ ఆడితే జనం వస్తారని ఆయనకి తెలుసు. ఆటగాళ్లు లేకనా? నిజంగానే లేరు. పాత కమిషనర్ ల్యాండిస్ పోయాడనా? 1944 నవంబర్‌లోనే పోయాడు. ఎవరైనా ముందడుగు వేస్తారనా? అదే ఆగస్టులో బ్రూక్లిన్‌లో బ్రాంచ్ రికీ జాకీ రాబిన్‌సన్‌ని పిలిపించుకున్నాడు. అన్ని కారణాలూ నిజం చరిత్రలోనే ఉన్నాయి. కొత్తగా నేను చేర్చాల్సింది ఏమీ లేదు. ఆ కుర్చీలో ఉన్న మనిషి ‘ఊ’ అనాలి. ఆయన అనలేదు.

ఎందుకనలేదో నాకు ఎంతో కొంత తెలుసు. తెలుసని ఒప్పుకోవడానికే చాలా రోజులు పట్టింది.

మా ఫ్లోర్‌లో కాంట్రాక్ట్ వాళ్ల ఐడీ ట్యాగ్ వేరే రంగు. కూర్చునేది మా పక్కనే, జీతం ఇచ్చేది వేరే ఏజెన్సీ. వాళ్లలో ఒక కుర్రాడు టెస్టింగ్‌కి వచ్చాడు. పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నెలాఖరు రిపోర్టులు తప్పుగా వస్తున్నాయని మేం రెండ్రోజులు తల పట్టుకున్నప్పుడు, తేదీలు రాసే పద్ధతిలో తేడా ఉందని టీ టైమ్‌లో కనిపెట్టాడు. “అక్కా, ఒకసారి ఇది చూస్తారా” అని మెల్లగా పిలిచేవాడు. తెలుగులో నాకు చెప్పేవాడు. క్లయింట్ కాల్‌లో నేను ఇంగ్లిష్‌లో చెప్పేదాన్ని. మెచ్చుకోళ్లు నాకు వచ్చేవి.

మా టీమ్‌లో పర్మనెంట్ ఉద్యోగం పడితే అప్లై చేశాడు. ప్యానెల్లో నేనూ ఉన్నా. కోడింగ్ అదరగొట్టాడు. ఇంగ్లిష్‌లో తడబడ్డాడు. మేనేజర్ నావైపు తిరిగి “కాల్స్‌లో నెట్టుకొస్తాడంటావా?” అన్నారు. ఆ క్షణంలో నేను ఏం చెబితే అదే జరిగేది. ఫామ్‌లో ఇలా రాశా: ‘టెక్నికల్‌గా బాగున్నాడు. కమ్యూనికేషన్ మెరుగుపడాలి. వచ్చేసారి చూడొచ్చు.’ నాలుగు నెలలకి వేరే ఊరు వెళ్లిపోయాడు.

అక్కడి అన్యాయం, ఇదీ ఒకటే అనను. అక్కడ రంగు చూసి ఒక జాతి మొత్తానికి దశాబ్దాల పాటు తలుపు మూశారు. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు. తప్పు చేస్తున్నట్టు అనిపించదు. ఇప్పుడే ఎందుకులే అనిపిస్తుంది. పైగా అద్దె వస్తూనే ఉంటుంది.

గిబ్సన్ 1947 జనవరిలో చనిపోయాడు, 35 ఏళ్లకే. మూడు నెలలు తిరక్కుండా ఏప్రిల్ 15న రాబిన్‌సన్ మైదానంలో దిగాడు. వాషింగ్టన్ తరఫున మొదటి నల్లజాతి ఆటగాడు కార్లోస్ పౌలా దిగేసరికి 1954 వచ్చింది. ఇక 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ నీగ్రో లీగ్‌ల అంకెల్ని తన రికార్డుల్లో కలిపినప్పుడు, అత్యుత్తమ కెరీర్ బ్యాటింగ్ సగటు, .372, గిబ్సన్‌దని తేలింది. అది చూసుకోవడానికి అతను లేడు.

మా కుర్రాడు ఉన్నాడు కదా అనుకున్నా. పోయిన ఆదివారం ఫోన్ చేశా. బెంగళూరులో ఉన్నాడట. “అక్కా, ఎన్నాళ్లకి!” అన్నాడు. ఆ ఫామ్‌లో నేను రాసింది రాసినట్టు చెప్పా. కాసేపు అటువైపు ఫ్యాన్ చప్పుడు మాత్రమే వినపడింది.

“మీరున్నారు కదా, వచ్చేస్తుందనుకున్నానక్కా” అన్నాడు.

సారీ చెప్పా. పర్లేదని అతను అనలేదు. అనకపోవడమే మంచిదైంది. ఇప్పుడు పనెలా ఉందని అడిగా. “బాగుందక్కా. కాల్స్ అన్నీ నేనే తీసుకుంటా. మొదటి నెల కొంచెం ఇబ్బంది పడ్డా. తర్వాత అలవాటైపోయింది.”

నెల రోజులు. అంతే పట్టిందట.

వచ్చే బుధవారం మా టీమ్‌లో ఇంకో ఉద్యోగానికి ఇంటర్వ్యూలు. అప్లై చేసినవాళ్లలో ఒకమ్మాయిది వేరే రంగు ట్యాగే. ప్యానెల్లో మళ్లీ నేనున్నా. ఆ అమ్మాయి ఏమేం చేసిందో, నేను ఆమె పేరు చెప్పకుండా కాల్స్‌లో చెప్పినవాటితో సహా, మొన్నే మేనేజర్‌కి మెయిల్ పెట్టా.