రాజుని దాచిన రైతు ఇల్లు

"ఇటుక ఇల్లు చూడ్డానికి ఇంత దూరమా? మన వీధంతా ఇటుక ఇళ్ళేగా నాన్నా!" అన్నాడు మా అబ్బాయి కారు దిగుతూనే. వాడన్నదీ నిజమే. ఇంగ్లండులో ఇటుక ఇల్లు వింతేం కాదు. కానీ వుల్వర్‌హాంప్టన్‌కి ఉత్తరాన, ఎం54 రోడ్డుకి దగ్గర్లో ఉన్న మోస్లీ ఓల్డ్ హాల్ సంగతి వేరు.

బయటినుంచి చూస్తే విక్టోరియా రాణి కాలపు ఎర్రిటుకల ఇల్లు. లోపల అడుగుపెట్టగానే ఓక్ స్తంభాలు, దూలాలు, గోడలకి ఓక్ పలకలు! అసలు ఇల్లు 1600 ప్రాంతంలో కర్రల చట్రంతో కట్టింది. 1870 ప్రాంతంలో దాన్ని పడగొట్టకుండా చుట్టూ ఇటుక గోడ కట్టారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం పాత ప్రోగ్రాంని కదపకుండా చుట్టూ కొత్త పొర అల్లినట్టే అనుకోండి!

పిల్లలకి నచ్చింది మాత్రం నేలలోని గొయ్యి. కాథలిక్ మతంపై నిషేధం ఉన్న రోజుల్లో ఫాదర్లని దాచడానికి ఇలాంటి రహస్య స్థలాలు ఉండేవి. 1651 సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్ 8వ తేదీ తెల్లవారుజామున ఇక్కడికి చేరాడు. వయసు ఇరవై ఒకటి. ఒంటిమీద ముతక బట్టలు, ఇరుకు బూట్లతో పుళ్ళు పడ్డ పాదాలు. సైనికులు ఇంటి యజమాని థామస్ విట్‌గ్రీవ్‌ని పట్టుకోవడానికి వస్తే, ఆయన వాకిట్లోనే నిలబడి, తాను యుద్ధానికి వెళ్ళనేలేదని నచ్చజెప్పి పంపేశాడు. అంతసేపూ రాజు ఆ గోతిలోనే ఉన్నాడు. 1660లో చార్లెస్ మళ్ళీ సింహాసనం ఎక్కాడు.

"ఆరడుగుల పైన ఉన్న మనిషి ఇందులో ఎలా పట్టాడు?" అని మా అమ్మాయి గొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

రైతులు కౌలుకున్న ఈ ఇంటిని 1962 నుంచి నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది. రాజు పడుకున్న మంచం కూడా ఇక్కడే ఉంది.

నాకు మాత్రం ఆ దూలాలు చూస్తుంటే మనసు మా ఊరికి పోయింది. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు పడగొట్టి డాబా వేద్దామని అన్నయ్య నెల క్రితమే ఫోన్ చేశాడు. ఖర్చు లెక్కలు చూసి "నీ ఇష్టం" అనేశాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఫోన్ చేశాను. "అన్నయ్యా, దూలాలు ఎలా ఉన్నాయి?"

"దూలాలకేం రా, టేకువి. గోడలే నానిపోయాయి."

"అయితే గోడలే కట్టిద్దాం. నా వాటా పంపిస్తాను."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అమ్మకి నువ్వే చెప్పు, సంతోషిస్తుంది" అని ఫోన్ అమ్మకిచ్చాడు.