కాకినాడ తీరమున తొలిపాటలు

కాకినాడ సముద్రమును చూడబోయినవారు మొదట ఆశాభంగము నొందుదురు. విశాఖపట్టణమునందువలె కెరటములు గర్జించుచు మీదికి రావు. కారణము తెలిసిన పిదప ఆ నిరాశ నిలువదు. గోదావరి మోసికొనివచ్చిన ఒండ్రును ఇసుకయు గడచిన రెండువందల యేండ్లలో పేరుకొని, సుమారు 16 కిలోమీటర్ల పొడవున నొక దిబ్బయై నిలిచినది. దాని పేరు హోప్ ఐలండు. కెరటముల తాకిడి నది తనమీద వేసికొనుచుండగా, ఇవతలి అఖాతము చెరువువలె నిద్రించుచుండును. దిబ్బచాటు తప్పిన ఉప్పాడయొద్ద నదే సముద్రము ఊరిని కోసివేయుచు, బాటను తినివేయుచున్నది. కాజాల సంగతి యిందు వ్రాయను. అది వేరొక వ్యాసమునకు చాలును.

మొన్న వేసవిలో మా వదినగారి యింట పదిదినము లుంటిని. అప్పుడచట నొక తగవు నడచుచుండెను. కళాశాలలో చదువుచున్న వదినగారి కుమార్తె, ముగ్గురు స్నేహితురాండ్రతో గలసి ఒక పాట కట్టినది. అది సినిమాకొరకు గాదు; ఏ సంస్థయు కోరలేదు. ఇట్టి స్వతంత్రుల కూటమిని నేడు ఇండీ బ్యాండు అందురట. పాటను లోకమునకు విడుదల చేయుటకు ఆ యింటి మామ్మగారు సమ్మతింపరైరి. "పదేళ్ళు సంగీతం చెప్పించింది ఈ నిద్దరపాటలకా?" అని యామె వాదము. నూరేండ్లు దాటిన సరస్వతీ గానసభ కచేరీలను సూర్యకళామందిరమున విని పండిన చెవు లామెవి. ఆ మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

ఒకనాటి సాయంకాలము పిల్ల నన్ను తీరమునకు గొనిపోయి, "అత్తయ్యా, ముందు ఇది విను" అని నా చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించినది. అవి పారేఖ్ అండ్ సింగ్ అను కలకత్తా యువకుల జంట పాటలు. వారి తొలి ఆల్బమును 2016లో ఇంగ్లండునందలి పీస్‌ఫ్రాగ్ అను సంస్థ విడుదల చేసినది. దాని పేరు 'ఓషన్', అనగా మహాసముద్రము. గొంతు తెరవెనుకనుండి వచ్చునట్లుండెను. మాట ముగిసినను దాని నీడ కొంతసేపు వినిపించుచుండెను. కలయో నిజమో తెలియని భాసుని ఉదయనుడు నాకు తలపునకు వచ్చెను. పిమ్మట పిల్ల తన పాట వినిపించినది. పల్లవి మంచులో దీపమువలె బాగుగా నున్నది. రెండవ చరణమున మాటలు చాలక, ఊరక సాగదీసినారు. ఆ సంగతి పిల్లతో ననలేదు.

ఈ యూరికిది క్రొత్తగాదు. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటక సమాజ మొకటి యిచ్చట నుండెను. అందు ఆదినారాయణరావు నాటకములు వ్రాసి బాణీలు కట్టెను; ఎస్.వి. రంగారావు, రేలంగి వేషములు వేసిరి. పెద్దాపురమున 1927లో జన్మించిన అంజలీదేవి అచటనే ఆడి పాడినది. ఆడుపిల్ల వేదిక నెక్కుటకు పెద్దలు మొగము చిట్లించుకొను దినము లవి! సి. పుల్లయ్యగారు ఆమె నాటకము చూచి, 1947లో 'గొల్లభామ'యందు వేషమిచ్చిరి. అనంతర మా దంపతులు ఒకరి యానతికి లోబడక పాటలు చేసికొనుటకు అంజలీ పిక్చర్స్ అను స్వంత సంస్థ నెలకొల్పిరి. దాని తొలి చిత్రము 1953లో వచ్చిన 'పరదేశి'. రంగారావును రేలంగియు అందుండిరి. ఘంటసాలయు జిక్కియు గలసి పాడిన యుగళగీత మొకటి అందు గలదు. వెన్నెలలో పడవ తనంతట తాను సాగినట్లుండును. నాలుగేండ్లకు అదే సంస్థ తీసిన 'సువర్ణసుందరి'కి హిందీ రూపమును గలదు. అందరు దానినే పొగడుదురు. నాకు మాత్ర మా తొలినాటి మగతపాటయే ప్రియము.

రాత్రి భోజనములైన పిదప మామ్మగారి కీ కథ చెప్పితిని. ఆమె మారుపలుకలేదు. పిల్ల 'పరదేశి' పాట పెట్టినది. ఆమె కన్నులు మూసికొని, రెండుమారులు వ్రేళ్ళతో తాళము వేసెను. "ఇది మా చిన్నప్పటిది" అనెను. కొంతసే పాగి, "ఏదీ, నీది పెట్టు" అనెను.

పాట ముగిసినది. మేమెవ్వరము మాటాడలేదు.

"రెండో చరణం తీసెయ్యవే. ఆ తంబుర కూడా కాస్త కిందికుంది, సరిచెయ్యి. తర్వాత నీ యిష్టం."