భుజం నొప్పి అనుకున్నాను

నేను ప్రభుత్వ వైద్యశాలలో పనిచేస్తున్న రోజుల్లో ఒక బడిపంతులుగారు కుడి భుజం బిగుసుకుపోతోందని వచ్చారు. కీలు పట్టేసిందని చెప్పి మాత్రలు వ్రాసి పంపాను. ఏడాది తిరిగాక మళ్లీ వచ్చి హాజరుపట్టీ తెరిచి చూపించారు. అక్షరాలు చీమల బారులా చిన్నవైపోయాయి. నడుస్తుంటే ఆ చేయి ఊగడం లేదు. అప్పుడు గాని అది పార్కిన్సన్ వ్యాధి అని నాకు తట్టలేదు. వెంట వచ్చిన కుమారుడు, "ఇది మాకూ వస్తుందా డాక్టరుగారూ?" అని అడిగాడు. "జన్యువుల వ్యవహారం, చెప్పలేం" అని ముక్తసరిగా అనేశాను. ఆ కుర్రవాడికి చెప్పవలసినది ఇప్పుడు మీకు చెబుతాను.

మధ్యమెదడులో నల్లని చారలా కనిపించే భాగం ఒకటుంది. డోపమిన్ తయారుచేసే నాడీకణాలు అక్కడుంటాయి. ఈ కణాలు తగ్గిపోవడమే ఆ వ్యాధిలో కదలికలు మందగించడానికి కారణం. తల్లి గర్భంలో ఇవి పుట్టే తీరు విచిత్రమైనది. పిండపు నాడీనాళం అడుగు భాగం నుండి ఒక ప్రోటీను వెలువడుతుంది. దాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. వీడియో ఆటలోని బొమ్మ పేరు పెట్టారు, శాస్త్రజ్ఞులకూ సరదాలుంటాయి! మధ్యమెదడు, వెనుక మెదడు కలిసే సరిహద్దు నుండి ఇంకొక సంకేతం వస్తుంది. రెండూ కలిసిన చోట కొన్ని జన్యువులు వరుసగా మేల్కొంటాయి. వాటిలో నర్-1 ముఖ్యమైనది. అది లేని ఎలుకల మధ్యమెదడులో డోపమిన్ కణాలు ఏర్పడవని 1997లో తేలింది. పిట్ఎక్స్-3 జన్యువు లోపించిన ఎలుకలకు కంటిలో లెన్సు సరిగా ఏర్పడదు, నల్లని చారలోని కణాలూ చాలావరకు నశిస్తాయి. పొరుగు డోపమిన్ కణాలు మాత్రం చాలావరకు మిగులుతాయి. పార్కిన్సన్ వ్యాధిలోనూ దెబ్బ ముందుగా తగిలేది ఈ నల్లని చారకే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. పెద్ద ఎలుకలలో నర్-1ను తొలగించినా డోపమిన్ కణాలు క్రమంగా క్షీణించాయి. ఇల్లు కట్టిన మేస్త్రీయే తరువాత కావలివాడిగా ఉండిపోయాడన్నమాట.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్న. ఎక్కువమంది రోగులలో ఇది తండ్రి నుండి కొడుకుకు నేరుగా సంక్రమించే వ్యాధి కాదు. కొన్ని కుటుంబాలలో ఎల్‌ఆర్‌ఆర్‌కే-2 వంటి జన్యువులలో మార్పు ఉంటుంది; ఆ మార్పు ఉన్నవారందరికీ కూడా వ్యాధి రాదు. నేను ఆనాడు ఈ మాత్రం చెప్పి ఉంటే అతడు నిద్రపోయేవాడు.

గర్భంలోని ఈ సంకేతాల వరుసనే ప్రయోగశాలలో అనుకరించి, క్యోటోలో మూలకణాల నుండి డోపమిన్ కణాల పూర్వరూపాలను తయారుచేసి 7గురు రోగుల మెదడులో అమర్చారు. ఫలితాలు 2025లో వెలువడ్డాయి; ఇంకా తొలి దశే. పంతులుగారికి మాత్రం లెవోడోపా మాత్రలే దిక్కయ్యాయి. మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఆయన అక్షరాలు మళ్లీ పెద్దవయ్యాయి.

ఒకవైపు భుజం బిగుసుకుపోయి, వాసన తెలియకుండా పోయి, చేతివ్రాత చిన్నదవుతుంటే నాడీవైద్యునికి చూపించండి. కీళ్ల మాత్రలతో ఏడాది గడపవద్దు.