వెళ్ళివస్తాను

గుమ్మం దాటుతూ "వెళ్తాను" అన్నవాణ్ణి మా అమ్మ ఊరికే పోనివ్వదు. వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "వెళ్ళివస్తాను" అనిపించిగాని పంపదు. అటువంటి ఇంటి పిల్ల, మా పెద్దమ్మాయి, పైచదువుకని స్పెయిన్‌లోని సలమాంకా చేరింది. 1218లో వెలసిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. అక్కడి వీడ్కోలు మాటలతో మొదటి నెల అది పడ్డ తికమక ఇంతా అంతా కాదు.

రొట్టెల కొట్టులో డబ్బిచ్చి వస్తూంటే కొట్టావిడ "అస్తా లువేగో" అన్నదట. "మళ్ళీ కాసేపటిదాకా" అని దాని అర్థం. మళ్ళీ రమ్మంటోంది కాబోలునని మా పిచ్చిది సాయంత్రం వెళ్ళి ఇంకో రొట్టె కొన్నది! తీరా చూస్తే ఆ మాట అందరితోనూ అంటారు, ఈ జన్మకి మళ్ళీ కనబడని బాటసారితో సహా. అందులోని "అస్తా" అరబ్బీ "హత్తా" నుంచి వచ్చింది. 711లో మొదలైన ముస్లిముల ఏలుబడి 1492లో గ్రనడాతో ముగిసింది. రాజ్యం పోయింది, మాట ఉండిపోయింది.

"ఆదియోస్" సంగతి వేరు. "దేవుడికి అప్పగిస్తున్నాను" అన్న పాత దీవెన అరిగి అరిగి ఆ ముక్క మిగిలింది. మన హైదరాబాదు "ఖుదా హాఫిజ్"కు వరసకు అన్నదమ్ముడన్నమాట. ఇక కనబడని వాళ్ళకే చెప్పే మాటేమో అని నేను భయపడ్డాను గాని, వీధిలో ఎదురుపడి, ఆగే తీరికలేక దాటిపోయే ఇరుగుపొరుగులు కూడా నవ్వుతూ "ఆదియోస్" అనుకుంటారట.

మా అమ్మకు నచ్చింది "నోస్ వేమోస్". మక్కికి మక్కి చెబితే "మనం ఒకరినొకరం చూసుకుంటాం" అని. క్రియ వర్తమానం, భావం భవిష్యత్తు. తెలుగు మేష్టర్ని గనక నాకు ముచ్చటేసింది. మన "వస్తాను" మాత్రం? "రోజూ వస్తాను" అన్నా అదే, "రేపు వస్తాను" అన్నా అదే గదా! అమ్మకు ఈ వ్యాకరణం పట్టలేదు.

"అదొచ్చేది రెండేళ్ళకు. నాకు డెబ్బై ఎనిమిది నిండాయి. చూసుకుంటామంటావా?" అంది.

నేను పుస్తకం మూసేశాను.

ఆదివారం అమ్మాయి ఫోను చేసింది. మాటలయ్యాక "ఉంటాను నాయనమ్మా" అంది. (మనవాళ్ళ చోద్యం చూడండి, గుమ్మం దిగేవాడు వస్తానంటాడు, ఫోను పెట్టేసేవాడు ఉంటానంటాడు!) అమ్మ గొంతు సవరించుకుని, వారమంతా వల్లించినట్టుంది, "నోసు వేమోసు" అంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత సన్నగా "సీ, నాయనమ్మా, సీ" అని వినబడింది.

అమ్మ గాభరాగా నా వంక చూసింది. "అదేమిట్రా, ఛీ అంటోంది?"

"ఛీ కాదమ్మా, సీ. వాళ్ళ భాషలో అవునని."

"అయితే సరే" అని ఫోను నా చేతికిచ్చి, పడుకోవడానికి వెళ్ళిపోయింది.